పాత స్ప్లెండర్‌కు ఆరు వేలలో ముస్తాబు: ఆదివారాల డైరీ

మార్చి 2, 2025

మా నాయన 2003లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఏడాదిన్నరగా వసారాలో ఒక మూల, పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులు ఎక్కువై నాయన కిక్ కొట్టడం మానేసిన తరువాత దాన్ని ఎవరూ ముట్టలేదు. పోయిన వారం పాత ఇనుప సామాన్లు కొనే వ్యక్తి ఒకడు గుమ్మంలోకి వచ్చి, దుప్పటి ఎత్తి చూసి, తొమ్మిది వేలిస్తానన్నాడు. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ పూట కంచంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడుక్కున్నాడు. బండి అమ్మకూడదనీ, ఆరు వేల రూపాయలు దాటకుండా, ఆదివారాలు మాత్రమే పనిచేసి, దాన్ని నాకు నచ్చినట్టు మార్చుకోవాలనీ అప్పుడే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒక నోటుపుస్తకం చివరి పేజీలో కోరికల పట్టిక రాసుకున్నాను. వంపు లేని చదును హ్యాండిల్, సన్నని సీటు, వెనక మడ్‌గార్డు కోసివేయడం, చీర గార్డు తీసివేయడం, ఎల్‌ఈడీ హెడ్‌లైటు, మెరుపు లేని బూడిదరంగు పెయింటు అన్నవి అందులోని ఆరు అంశాలు. సాయంత్రం బీరువాలోంచి ఆర్సీ తీసి చూసేసరికి పట్టిక తగ్గడం మొదలైంది. ఏపీ02 సిరీస్‌లోని ఈ బండికి 15 ఏళ్లు నిండిన 2018లో ఒకసారి, 2023లో మరొకసారి ఐదేసి ఏళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగించారు. 2028లో మళ్లీ ఆర్టీవో కార్యాలయం ముందు నిలబెట్టి చూపించాలి. ఆర్సీలో రంగు నలుపు అని ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన, ఆర్సీకెక్కిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. చీర గార్డు సంగతి మరీ స్పష్టంగా ఉంది. వెనక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ, వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. అమ్మ ఈ బండి మీద ఇరవై ఏళ్లు ఒక పక్కకు కూర్చునే ప్రయాణం చేసింది కాబట్టి ఆ నిబంధన ఎందుకుందో నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. బూడిదరంగు, చీర గార్డు, మడ్‌గార్డు మూడూ కొట్టేశాను.

మార్చి 9

కిక్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ట్యాంకులో ఏడాదిన్నర నిలవ ఉన్న పెట్రోల్‌ను డబ్బాలోకి దించితే వార్నిష్ వాసన వచ్చింది. దాన్ని మళ్లీ ఏ బండిలోనూ పోయలేదు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ అడుగు గిన్నె విప్పి చూస్తే లోపలి గోడలకు పచ్చని పొడి పట్టి ఉంది. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే పైలట్ జెట్‌ను ఎండకు ఎదురుగా పట్టి కన్ను ఆనించి చూశాను, వెలుతురు చుక్క కనిపించలేదు. ఇలాంటప్పుడు చాలామంది చేతికందిన గుండుసూది దూర్చేస్తారు. జెట్ ఇత్తడిది, సూది ఉక్కుది కనుక రంధ్రం వెడల్పయిపోతుంది, ఆ తరువాత ఎంత తిప్పినా ట్యూనింగ్ కుదరదు. నేను పాత ఛార్జర్ వైరు ఒలిచి అందులోంచి ఒకే ఒక్క రాగి పోగును లాగి, కార్బురేటర్ క్లీనర్ చల్లి నానబెట్టిన జెట్‌లోకి మెల్లగా పంపాను. మూడోసారికి అవతల తేలింది. మళ్లీ ఎండకు పెట్టి చూస్తే ఆవగింజలో సగం కూడా లేని గుండ్రని వెలుగు.

గిన్నెకు ఉండే రబ్బరు రింగు గట్టిపడి చిట్లింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని చేయని పాత రబ్బర్లు అందులో త్వరగా పాడవుతాయి. అందుకే రబ్బర్ల కిట్టు మొత్తం మార్చాను, పెట్రోల్ పైపు కూడా. 1994లో వచ్చిన ఈ మోడల్‌కు ఏ మండల కేంద్రంలోనైనా విడిభాగం దొరకడం నా బోటి వాడికి పెద్ద ఊరట.

ఐదో కిక్‌కు స్టార్టయింది. వంటింట్లోంచి అమ్మ, వరండాలోంచి నాయన ఒకేసారి బయటికి తొంగి చూశారు.

మార్చి 16

ఇంజన్ ఆయిల్ మార్చి, ప్లగ్గు కొత్తది వేసి, ట్యాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కి తెరిచే రాకర్లకూ నడుమ సందు, సరిచేశాను. ఈ 97.2 సీసీ ఇంజన్‌లో రెండు వాల్వులకూ 0.05 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా, కరెంటు పుట్టించే మాగ్నెట్ చక్రం మీది ‘టి’ గుర్తు గీతకు ఎదురుగా వచ్చేలా తిప్పి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నాయని చేత్తో కదిపి చూసుకున్నాకే కొలవాలి. గుర్తు కలిసినా రాకర్లు బిగుతుగా ఉంటే ఇంకొక చుట్టు తిప్పాలని అర్థం. సన్నని రేకు కొలబద్దను సందులో లాగితే పట్టీ పట్టనట్టు, వెన్నలోంచి జారినట్టు రావాలి. ఎగ్జాస్ట్ వైపు అది అసలు దూరనే లేదు. వాల్వు పూర్తిగా మూసుకోని ఇంజన్‌కు లాగే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? బండి మూల పడకముందే అది ఎత్తుకు లాగడం లేదని నాయన అంటూనే ఉండేవాడు, మేము పట్టించుకోలేదు.

మీటరు కేబుల్ తెగి ఉంటే అదీ వేశాను. మైలేజీ లెక్క కట్టాలంటే ముందు మీటరు తిరగాలి కదా.

మార్చి 23

ముందు వెనక బ్రేకు షూలు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ మార్చాను. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగుతోంది, అంటే హ్యాండిల్ తిరగడానికి ఉండే గోళీల కోన్ సెట్ అరిగిపోయింది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే ఆ చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా వదులైనట్టు తెలిసింది. ఈ రెండింటికీ నా దగ్గర పనిముట్లు లేవు. బండిని మా వీధి చివరి మెకానిక్ షెడ్డుకు తోసుకెళ్లి, సామాను, కూలీ కలిపి పన్నెండు వందల యాభై ఇచ్చి చేయించుకున్నాను. బడ్జెట్లో ఐదో వంతుకు పైగా కంటికి కనిపించని చోటికే పోయిందని కాస్త బాధ కలిగిన మాట నిజం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, గుంతల రోడ్డు మీద వెనక చక్రం తోక ఊపడం మానేసింది.

“ఏమప్పా, ఇంత పాత బండికి ఇంత సోకా?” అని మెకానిక్ అడిగాడు. సోకు ఇంకా మొదలే కాలేదని చెప్పాను.

మార్చి 30, ఉగాది

పండుగ పూట స్పానర్ పట్టుకోవద్దని అమ్మ ఆంక్ష పెట్టింది. అయినా పని కొంత నడిచింది. పచ్చడిలోకి కొత్త చింతపండు వచ్చింది కాబట్టి డబ్బా అడుగున నల్లబడిపోయిన పాత చింతపండును నాకు వదిలేసింది. ఇత్తడి బిందెలను తోమే చింతపండులోని పులుపే తుప్పు మీదా పనిచేస్తుంది, కాకపోతే ఆలస్యంగా. పాత చింతపండును చిక్కగా పిసికి, అందులో చైన్ కవర్ బోల్టులు, ఫుట్‌రెస్టు పిన్నులు, బ్రేకు రాడ్డు, అద్దాల కాడలు వేసి, ప్లాస్టిక్ టబ్బును వసారాలోనే ఒక పక్కన పెట్టాను.

ఏప్రిల్ 6

మధ్యలో ఒక రోజు రాత్రి తీసి చూస్తే తుప్పు మెత్తబడి, పళ్లు తోమే పాత బ్రష్షుతో రుద్దగానే ఊడి వచ్చింది. వాటిని కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, వెంటనే ఆయిల్ గుడ్డతో తుడిచాను. పులుపు తగిలిన ఇనుమును ఆరుబయట వదిలేస్తే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. క్రోమ్ పూత ఉన్న చక్రాల రిమ్ములకు వేరే పద్ధతి పాటించాను. అన్నం డబ్బాలకు చుట్టే అల్యూమినియం రేకును ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే చుక్కలు చుక్కలుగా ఉన్న తుప్పు పోతుంది. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తనిది కనుక గీతలు పడవు. ముప్పై ఆరు ఊచల మధ్య వేళ్లు దూర్చి రుద్దడానికి ఒక్కొక్క చక్రానికి గంటన్నర పట్టింది.

ఆనందం ఎంతోసేపు నిలవలేదు. టబ్బు ఎత్తి చూస్తే దాని కింద, చుట్టూ, చింతపండు నీళ్లు చిందిన ప్రతిచోటా బండలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా వసారాలో పరిచినవి తాడిపత్రి బండలు. అవి సున్నపురాయి. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుందని ఎనిమిదో తరగతిలో చదువుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంజన్ ఆయిల్ చిందితే ఉప్మా రవ్వ చల్లి పీల్పించవచ్చు గానీ, ఇది మరక కాదు, రాయే పైపొర ఊడిపోయింది. కొబ్బరినూనె రాస్తే ఒక పూట నల్లగా కనిపించి, ఆరాక మళ్లీ తెల్లబడుతోంది. అమ్మ ఏమీ అనకుండా ఆ చోట ముగ్గు డబ్బా తెచ్చి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 13

అనుకున్నవాటిలో పెద్ద మార్పు ఈ రోజు చేశాను, సాయంత్రానికి విరమించుకున్నాను.

చదును హ్యాండిల్ ఐదు వందల యాభై పెట్టి తెచ్చాను. స్ప్లెండర్ హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్లది, ఇదీ అంతే కాబట్టి బిగింపులో సమస్య ఉండదనుకున్నాను. మొదటి ఇబ్బంది స్విచ్చుల పెట్టెతో వచ్చింది. అది తిరిగిపోకుండా లోపల చిన్న ముల్లు ఉంటుంది, ఆ ముల్లు దిగడానికి అసలు హ్యాండిల్‌కు రంధ్రం ఉంటుంది, కొత్తదానికి లేదు. ముల్లును అరగదీసేయమని దుకాణంలో సలహా ఇచ్చారు. అలా చేస్తే యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ పెట్టె కూడా కొంత తిరుగుతుంది. కాబట్టి డ్రిల్లుతో రంధ్రం వేశాను. రెండో ఇబ్బందికి విరుగుడు దొరకలేదు. హ్యాండిల్‌ను ఎడమ వైపు చివరికంటా తిప్పితే స్విచ్చుల పెట్టె ట్యాంకును తాకుతోంది. క్లచ్ పట్టుకున్న వేళ్లకూ ట్యాంకుకూ నడుమ రెండు వేళ్ల సందైనా లేకపోతే, ఇరుకు సందులో బండి మలిపేటప్పుడు చెయ్యి నలుగుతుంది. హ్యాండిల్‌ను కొంచెం పైకి లేపి బిగిస్తే అది తీరింది గానీ, ఇప్పుడు కేబుల్ దారి మారింది. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా హ్యాండిల్‌ను కుడివైపు తిప్పాను, ఎవరూ యాక్సిలరేటర్ ముట్టకుండానే ఇంజన్ బుర్రుమని పుంజుకుంది. కేబుల్ బిగుసుకుని తనంతట తానే లాగుతోందన్నమాట. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మలుపు తీసుకుంటుండగా ఇలా జరిగితే ముందున్న ఆటోలోకి దూరడమే మిగులుతుంది.

హ్యాండిల్ మార్చేవారు ఎవరైనా ఈ ఒక్క పరీక్ష చేయకుండా రోడ్డెక్కకూడదు. ఆగి ఉన్న బండి మీద ఇంజన్ ఆన్ చేసి, ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, చప్పుడు మారుతుందేమో వినడానికి అర నిమిషం చాలు. రాత్రి ఎనిమిదింటికి పాత హ్యాండిల్ మళ్లీ తన చోటికి వచ్చింది. రంధ్రం వేసిన కొత్తదాన్ని దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు. ఐదు వందల యాభై రూపాయలు అటకెక్కాయి.

ఏప్రిల్ 20

పాత హ్యాండిల్ ఉంచుకోక తప్పనప్పుడు దానిలోని అసలు లోపమేమిటో ఆలోచించాను. వేగం యాభై ఐదు దాటితే చేతులు తిమ్మిరెక్కేంత అదురు ఉంది. హ్యాండిల్ కొసలకు బరువులు బిగిస్తే అదురు తగ్గుతుంది, అవి కొనే బదులు గొట్టాన్నే ఇసుకతో నింపాను. బోలు గొట్టం గంటలా మోగుతుంది, ఇసుక నిండిన గొట్టంలో రేణువులు ఒకదానికొకటి రాసుకుంటూ ఆ కదలికను మింగేస్తాయి.

ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన పెన్నా ఇసుక మేడ మెట్ల కింద ఒక బస్తా ఉంది. దాన్ని పిండి జల్లెడతో జల్లించి (ఈ సంగతి అమ్మకు ఇంకా తెలియదు), అట్ల పెనం మీద పోసి తడి ఆవిరయ్యేదాకా వేయించాను. తడి ఇసుక పోస్తే గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టిపోతుంది. హ్యాండిల్ విప్పి ఒక కొసకు రబ్బరు బిరడా బిగించి, కాగితపు గరాటుతో పోస్తూ, మధ్య మధ్య చెక్కపిడితో తడుతూ వెళ్లాను. తట్టిన కొద్దీ ఇసుక దిగబడుతూ ఇంకొంచెం పడుతుంది. మొత్తం మూడు వందల గ్రాములకు కాస్త తక్కువ పట్టింది. రెండో కొసన బిరడాను గొట్టం అంచుకు లోపలే ఆపాలి. అది బయటికి పొడుచుకు వస్తే యాక్సిలరేటర్ గ్రిప్పు దానికి ఒరుసుకుని వెనక్కి రాకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. గ్రిప్పు తొడిగి తిప్పి వదిలి, టక్కుమని వెనక్కి వస్తోందో లేదో పదిసార్లు చూశాను.

ఖర్చు బిరడాలకు ఇరవై రూపాయలు. కోరికల పట్టికలో లేని ఈ పనే ఇంతవరకు చేసినవాటిలో ఉత్తమమని అనిపిస్తోంది.

ఏప్రిల్ 27

నలుపు మీద నలుపే వేయడానికి సిద్ధమయ్యాను. ట్యాంకు, రెండు సైడ్ ప్యానెళ్లు, హెడ్‌లైటు డూమ్ విప్పాను. ప్యానెళ్ల మీది స్టిక్కర్లు ఊడదీయడానికి హెయిర్ డ్రయర్ అక్కర లేకపోయింది. అనంతపురం ఎండలో మధ్యాహ్నం ఒక గంట గోడకు ఆనించి ఉంచితే గోటితో లాగగానే అరటితొక్కలా వచ్చేశాయి. ట్యాంకు మీది గీతల స్టిక్కర్లు మాత్రం పారదర్శక లక్క పొర కింద ఉండటంతో వాటిని అరగదీయక తప్పలేదు. తడిపి రుద్దే 320 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600తో ముగించాను. కాగితాన్ని వేళ్లతో నేరుగా పట్టుకుంటే వేలి ముద్రల చాళ్లు పడతాయి, పాత హవాయి చెప్పు ముక్క ఒకటి కోసి దానికి చుట్టి రుద్దితే సమంగా అరిగింది. నాయన ఎప్పుడో 2009లో పడేసినప్పటి సొట్టకు లప్పం పెట్టి, ఆరాక మళ్లీ రుద్దాను. సొట్ట పూర్తిగా పోలేదు, వెతికితే కనిపిస్తుంది.

మే 4

స్ప్రే డబ్బాలతో వేసే పెయింటులో మన ఊరి వాతావరణమే పెద్ద పగవాడు. ఉదయం పదకొండింటికి సైడ్ ప్యానెల్ మీద ప్రయత్నించి చూశాను. నలభై డిగ్రీల వేడికి పెయింటు తుంపరలు ప్యానెల్‌ను చేరేలోపే గాలిలోనే సగం ఆరిపోయి, ఉప్పుకాగితంలా గరుకైన పొర ఏర్పడింది. దాన్ని మళ్లీ రుద్ది, మరునాడు సెలవు పెట్టి, తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టాను. దుమ్ము లేవకుండా ముందు రోజు రాత్రే నేల తడిపి, నాలుగు పక్కలా తడి చీరలు కట్టాను. ప్రైమర్ రెండు పొరలు, నలుపు నాలుగు పొరలు, ఒక్కొక్క పొరకూ మధ్య పది నిమిషాల విరామం. డబ్బాను జానెడుకు కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని, వస్తువుకు బయట నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాకే వదలాలి. ట్యాంకు మీద చెయ్యి ఆపిన ఒక్క క్షణానికి కుడి అంచున కారిన చుక్క ఒకటి కన్నీటి బొట్టులా నిలిచింది. ఎనిమిదిన్నరకు ఎండ తగలగానే ఆపేసి, పై పారదర్శక లక్కను తరువాతి రోజు వేశాను.

మే 11

తళతళలాడే నల్లని ట్యాంకు బోసిగా ఉంది. స్టిక్కర్ అతికించడానికి మనసొప్పక, ట్రాక్టర్ ట్రాలీల మీద పేర్లు, లారీల వెనక పూలు వేసే పెయింటర్‌ను అడిగాను. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని పోయిందనీ, ట్రాలీలే మిగిలాయనీ ఆయన అన్నాడు. రెండు గీతలకు మూడు వందలు అడిగాడు.

ఆయన పని చూడటానికి నేను నేల మీద కూర్చున్నాను. ఒక పాత క్యాలెండర్ అట్ట మీద బంగారు రంగు ఎనామిల్ చుక్క వేసుకుని, చిటికెన వేలంత పొడవు వెంట్రుకలున్న కుంచెను అందులో ముందుకూ వెనక్కూ రాస్తూ, కత్తి మొనలా పదునెక్కేదాకా దిద్దాడు. తరువాత నూలు దారానికి సుద్ద పూసి ట్యాంకు మీద బిగించి, ఒక్కసారి లాగి వదిలాడు, తెల్లని సన్న గీత పడింది. చిటికెన వేలిని ట్యాంకు అంచుకు ఆనించి, ఆ వేలే పట్టాలుగా, చేతిని కాకుండా నడుమును వెనక్కి జరుపుకుంటూ, నేను మూడుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు ఒకే ఊపిరి బిగపట్టి, ముందు నుంచి వెనకదాకా గీత లాగేశాడు. సుద్ద గీత మీద ఆయన ఎక్కడా నడవలేదు, దాని పక్కన నడిచాడు. అదేమిటని అడిగితే, “సుద్ద మీద పోతే రంగు పట్టదు సామీ, అది దారి చూపిచ్చేదానికే” అన్నాడు. కారిన చుక్క దగ్గర గీతను ఒక నూలు వాసి కిందికి వంచి, దాన్ని కప్పేశాడు. ఆ సంగతి నాకు చెప్పనే లేదు, తరువాత నేనే కనిపెట్టాను.

గీత మీద మళ్లీ లక్క కొట్టవద్దని హెచ్చరించి వెళ్లాడు. డబ్బా లక్కలోని ద్రావకం తడి ఎనామిల్‌ను ఉబ్బించి ముడతలు వేస్తుంది.

మే 18

ఎల్‌ఈడీ బల్బు రెండు వందల ఎనభైకి తెచ్చి బిగించి, చీకటి పడ్డాక ఎదురింటి గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి చూశాను. తెల్లగా, కొట్టొచ్చినట్టుంది, కానీ పాత బల్బుకు రోడ్డు మీద పడే వెలుతురు కుప్ప దీనికి చెల్లాచెదురై, సగం ఎదురింటి మేడ మీదికి పోయింది. పాత హాలోజన్ బల్బు తీగ ఎక్కడుంటుందో లెక్క వేసి చేసిన అద్దంలో ఎల్‌ఈడీ చిప్పులు వేరే చోట కూర్చుంటాయి. పైగా ఈ బండి హెడ్‌లైటు బ్యాటరీతో కాక నేరుగా మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది, ఇంజన్ నిదానించినప్పుడల్లా రెపరెపలాడింది. ఎదురుగా వచ్చేవాడి కళ్లు కొట్టే దీపం నాకెందుకని తీసేశాను.

మరి పాత 35 వాట్ల దీపం అంత గుడ్డిగా ఎందుకుందన్న ప్రశ్న మిగిలింది. హోండా వైరింగ్‌లో ఆకుపచ్చ వైరు ఎర్త్. ఇంజన్‌ను ఒకే వేగంలో ఉంచి, దీపం వెలుగుతుండగా హోల్డర్ దగ్గరి ఆకుపచ్చ వైరుకూ ఇంజన్ బాడీకీ నడుమ మల్టీమీటర్ పెడితే 1.3 వోల్టులు చూపించింది. ఉండాల్సింది దాదాపు సున్నా. దీపానికి చేరాల్సిన వోల్టేజీలో పదో వంతు ఎర్త్ కనెక్షన్‌లోనే ఆవిరైపోతోందని దీని అర్థం. హాలోజన్ దీపానికి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. ట్యాంకు కింద ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు విప్పితే రింగు కింద తుప్పు, ఎప్పుడో ఎవరో పూసిన పెయింటు కనిపించాయి. ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాసెలిన్ పూశాను. మీటరు 0.1కి దిగింది. పైసా ఖర్చు లేకుండా దీపం పచ్చటి నుంచి తెల్లటికి మారింది.

మే 25

సీటును సన్నగా కోయాలన్న కోరిక, దాని మీద పది నిమిషాలు కూర్చున్నాక చచ్చిపోయింది. కుంగిన నురుగు నడుమ గట్టి రీబాండ్ నురుగు ముక్కను అతికించి, అంచులు కూరగాయల కత్తితో చెక్కాను. రెక్సిన్ తొడుగు నా వల్ల ముడతలు లేకుండా రాలేదు, సీటు కవర్లు కుట్టే దుకాణంలో పావుగంటలో బిగించారు. అన్నీ కలిపి ఏడు వందలు.

ఫోన్ ఛార్జర్ పెట్టాను. ఈ బండి బ్యాటరీ 2.5 ఆంపియర్ అవర్ మాత్రమే, ఛార్జర్ దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. ఇంజన్ ఆపి ఫోన్ పెట్టి మరచిపోతే రెండు మూడు గంటల్లో హారన్ మూగబోతుంది. అందుకే వైరును తాళం తరువాతి లైన్ నుంచి, మధ్యలో రెండు ఆంపియర్ల ఫ్యూజు వేసి తీసుకున్నాను.

జూన్ 1

పరీక్షకు తాడిపత్రి వెళ్లి వచ్చాను. తెల్లవారగానే బయలుదేరితే దారి పొడవునా వేరుశనగ చేలు దున్ని, వానకు ఎదురుచూస్తూ ఎర్రగా పడి ఉన్నాయి. అరవై వేగంలో హ్యాండిల్ మీద అదురు పూర్తిగా పోలేదు, కానీ చేతులు తిమ్మిరెక్కలేదు. అద్దంలో వెనక లారీ నంబరు చదవగలిగాను, మునుపు ఆ అద్దంలో లారీ రంగు మాత్రమే తెలిసేది. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని దర్శించుకుని, తిరుగు దారిలో బండల పాలిష్ యూనిట్ ఒకదాని ముందు ఆగి మా వసారా తెల్ల మచ్చల సంగతి అడిగాను. పాలిష్ మళ్లీ పట్టడం తప్ప మార్గం లేదనీ, మిషన్ ఇంటికి రావాలంటే ఒక్క వసారాకు గిట్టదనీ అన్నారు. అంటే ముగ్గు డబ్బా అక్కడే ఉంటుంది.

ట్యాంకు నిండుగా పోయించి బయలుదేరి, మళ్లీ అదే బంకులో నింపి లెక్క చూస్తే లీటరుకు 58 కిలోమీటర్లు వచ్చింది.

అయితే ఆ రెండోసారి నింపేటప్పుడే మూత పక్కకు పెట్రోల్ పొంగి కారింది. వెంటనే తుడిచినా, మూత చుట్టూ రూపాయి బిళ్లంత మేర లక్క మెత్తబడి ముడుచుకుపోయింది. మామూలు స్ప్రే డబ్బా లక్క పెట్రోల్‌కు తట్టుకోదు. తట్టుకునేవి రెండు భాగాలు కలిపి కొట్టే రకాలు, వాటిలోని గట్టిపరిచే రసాయనపు ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి సరైన మాస్కు లేకుండా ఇంటి వసారాలో కొట్టే వస్తువు కాదు.

జూన్ 8

ముడుచుకున్న చోట మళ్లీ పెయింటు వేయలేదు. పాత ట్యూబు రబ్బరును గుండ్రంగా కోసి, నడుమ మూత పట్టేంత రంధ్రం తీసి, పళ్లెంలా తొడిగాను. ఇక పెట్రోల్ కారితే రబ్బరు మీదుగా పక్కకు పోతుంది. చూడటానికి పాత రోజుల్లో లారీ డ్రైవర్లు చేసే పనిలా ఉందని నాయన అన్నాడు. మెచ్చుకోలో కాదో తెలియలేదు.

నోటుపుస్తకంలో ఖర్చు మొత్తం కూడితే అటకెక్కిన హ్యాండిల్, పక్కన పడేసిన ఎల్‌ఈడీ బల్బుతో సహా 6,340 రూపాయలు అయింది. కోరికల పట్టికలోని ఆరింటిలో ఒక్కటీ బండి మీద లేదు.

తుడుస్తుండగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఎడమ గొట్టం మీద సన్నని నూనె చార కనిపించింది, ఆయిల్ సీల్ పోయింది. రెండు వైపులా ఒకేసారి మార్చాలి, ఫోర్కు ఆయిల్ కూడా కావాలి. వచ్చే నెల జీతం పడ్డాక తేవాల్సినవిగా ఆ రెండింటినీ కింద రాసిపెట్టాను.